ఒక్కచోట మారిస్తే చాలదా?

ఇంట్లో ముగ్గురు పిల్లలు. ముగ్గురూ పుట్టింది ఒకే ఊళ్లో. కాగితాల్లో మాత్రం జిల్లా పేరు మూడు రకాలు! తప్పు అమ్మానాన్నలది కాదు, గుమస్తాదీ కాదు. మరి కంప్యూటర్ ఎందుకు మొండికేస్తుంది? ఆ చిక్కుముడి వెనక ఉన్నది ఓ చిన్న సంగతి. దాని పేరు... సెట్టింగు.

కడపలో ఓ మధ్యతరగతి ఇల్లు అనుకోండి. పెద్దబ్బాయి 2003లో పుట్టాడు. అతని జనన ధ్రువీకరణ పత్రంలో జిల్లా పేరు ఇంగ్లిషులో ఇలా ఉంటుంది... సీ-యూ-డీ-డీ-ఏ-పీ-ఏ-హెచ్. తెల్లదొరలకు నోరు తిరగక పెట్టుకున్న స్పెల్లింగు అది. రెండో అమ్మాయి 2007లో పుట్టింది. అప్పటికే, అంటే 2005లోనే, ఆ స్పెల్లింగును కే-ఏ-డీ-ఏ-పీ-ఏ అని మార్చేశారు. మూడోవాడు 2012లో పుట్టాడు. 2010లో జిల్లాకు మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి పేరు పెట్టారు కాబట్టి వాడి కాగితంలో వైఎస్సార్ జిల్లా అని ఉంటుంది. 2025లో అది మళ్లీ మారి వైఎస్సార్ కడప జిల్లా అయింది.

ఇల్లు మారలేదు. వీధి మారలేదు. దేవుని గడపలో వెంకన్న గుడీ అక్కడే ఉంది. పేరు మాత్రం ఇరవయ్యేళ్లలో మూడుసార్లు మారింది.

ఇది ఒక్క కడప కథే కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. రాత్రి కర్నూలు జిల్లా వాసులుగా పడుకున్న ఆళ్లగడ్డ, శ్రీశైలం జనం తెల్లారేసరికి నంద్యాల జిల్లా వాసులయ్యారు. రాయచోటి వాళ్లు కడప నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లారు.

మనుషులకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. 'ఏ జిల్లా నాయనా మీది?' అంటే 'పాత కర్నూలు, ఇప్పుడు నంద్యాల' అంటాం. అవతలివాళ్లకు అర్థమైపోతుంది. కంప్యూటర్‌కు ఆ లౌక్యం లేదు. దాని దగ్గరున్న జాబితాలో ఏ పేరుంటే అదే దానికి జిల్లా. అక్షరం తేడా వస్తే ఆమడ దూరం. అక్కడే మొదలవుతాయి స్కాలర్‌షిప్పు దరఖాస్తు దగ్గరా, పాస్‌పోర్టు దగ్గరా, బ్యాంకు ఖాతా దగ్గరా 'వివరాలు సరిపోలడం లేదు' అన్న మాటలు.

మరి పేరు మారినప్పుడు ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోవచ్చు కదా? సగటు మనిషికి వచ్చే ఈ అనుమానమే యాభయ్యేళ్లుగా ప్రోగ్రాములు రాసేవాళ్లనూ వేధిస్తోంది.

గోడ మీద క్యాలెండరు

ఏ ప్రోగ్రామైనా పని మొదలుపెట్టే ముందు కొన్ని చిన్నచిన్న విషయాలు తెలుసుకోవాలి. తేదీ ఎలా రాయాలి... ముందు రోజా, నెలా? టైము ఏ దేశానిది? పన్ను ఎంత శాతం? ప్రింటరు ఎక్కడుంది? జిల్లాల జాబితాలో ఏమేం పేర్లున్నాయి? వీటినే సెట్టింగులు అంటారు. ప్రోగ్రాము చేసే పని వేరు, ఆ పని ఎలా చెయ్యాలో చెప్పే ఈ వివరాలు వేరు. వంట వంటే... ఉప్పూ కారం ఎంతెయ్యాలన్నది ఆ ఇంటి సెట్టింగు!

ఒకే ప్రోగ్రాము ఉన్నప్పుడు బాధ లేదు. దాని వివరాలు అది దాచుకుంటుంది. చిక్కంతా ఒకే వివరం పది ప్రోగ్రాములకు కావాల్సి వచ్చినప్పుడే.

మన ఇళ్లలోనే చూడండి. గోడ మీద ఒకే క్యాలెండరు ఉంటుంది. గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో అందులోనే రాస్తారు. పాలవాడు రాని రోజు సున్నా చుట్టేదీ అందులోనే. అమ్మ చూసినా, నాన్న చూసినా, నాయనమ్మ చూసినా కనిపించే లెక్క ఒక్కటే. అలాకాకుండా ఎవరి డైరీలో వాళ్లు రాసుకుంటే? నెలాఖరుకు పాలవాడి ముందు ముగ్గురూ మూడు లెక్కలు చెబుతారు. కంప్యూటర్లలో జరిగేదీ అచ్చం అదే. గోడ క్యాలెండరు ఉంటే అందరికీ ఒకటే మాట. ఎవరి డైరీ వారిదైతే తగువు తప్పదు.

అర్ధరాత్రి మారిన లెక్క

2025 సెప్టెంబరు 22 గుర్తుందా? ఆ రోజు నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టు మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పెద్ద టీవీలు, ఏసీల మీద 28 నుంచి 18కి తగ్గింది. జనానికి అది ధరలు తగ్గిన వార్త. బిల్లింగ్ కౌంటర్ల వెనక ఉన్నవాళ్లకు మాత్రం నిద్రలేని రాత్రి.

కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో నాలుగు కౌంటర్లున్న ఓ సూపర్‌మార్కెట్‌ను ఊహించుకోండి. నాలుగు కంప్యూటర్లు, నాలుగింట్లోనూ బిల్లు కొట్టే ప్రోగ్రాము విడివిడిగా నడుస్తుంటుంది. పన్ను శాతం ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లోనే రాసి ఉంటే నాలుగుచోట్లా మార్చాలి. మూడు మార్చి నాలుగోది మర్చిపోతే ఒకే సబ్బు ఒక కౌంటర్లో ఒక ధర, పక్క కౌంటర్లో ఇంకో ధర! కొన్నవాళ్లు ఊరుకుంటారా?

అదే, పన్ను పట్టికను షాపులోని ఒక సర్వరులో ఉంచి నాలుగు కౌంటర్లూ దాన్నే చూసేలా పెట్టుకుంటే ఒక్కసారి మారిస్తే సరిపోతుంది. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. 21వ తేదీ కొన్న వస్తువును 24న వెనక్కి తెచ్చారనుకోండి. దానికి పాత పన్నే లెక్కకట్టాలి. కాబట్టి పాతదాన్ని కొట్టేసి కొత్తది రాస్తే కుదరదు. 'ఫలానా తేదీ వరకూ ఇది, ఆ తర్వాత ఇది' అని రెండూ ఉండాలి. మంచి సెట్టింగు అంటే విలువ ఒక్కటే కాదు, అది ఎప్పటి నుంచి అమల్లో ఉందో కూడా చెప్పాలి.

క్యారియర్ నుంచి బీరువా దాకా

ఈ పంపకానికి కంప్యూటర్లవాళ్లు ఒక్కో కాలంలో ఒక్కో దారి కనిపెట్టారు.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ 1979లో తెచ్చిన దారి 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్'. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు కొన్ని వివరాలను మూటగట్టి చేతికిస్తుంది. బడికెళ్లే పిల్లాడికి అమ్మ క్యారియర్ కట్టిచ్చినట్టన్నమాట. సులువైన పద్ధతే. కానీ పిల్లాడు గడప దాటాక అమ్మ ఇంట్లో కూర మార్చినా క్యారియర్లో కూర మారదు. పిల్లాడు ఇంటికొచ్చి మళ్లీ బయల్దేరాల్సిందే. ఇప్పటికీ ఈ పద్ధతి వాడుకలో ఉంది, ఈ పరిమితీ అలాగే ఉంది.

తొలినాటి విండోస్‌లో ప్రతి ప్రోగ్రామూ 'ఐఎన్ఐ' అనే చిన్న ఫైల్లో తన వివరాలు రాసుకునేది. ఎవరి డైరీ వారిదే. అవి కుప్పలుగా పేరుకుపోవడంతో 1995లో వచ్చిన విండోస్-95లో 'రిజిస్ట్రీ'ని ప్రధానం చేశారు. ఇంటిల్లిపాదికీ ఒకే బీరువా లాంటిది. సౌకర్యమే. కాకపోతే ఒకరు అరలు చిందరవందర చేస్తే మిగతావాళ్లకు చీరా దొరకదు, చొక్కా దొరకదు. అందుకే ఏ అరను ఎవరు తెరవచ్చో తాళాలు పెట్టారు. పాస్‌వర్డుల్లాంటివి అందరి కంటా పడే అరలో పెట్టకూడదన్నదీ అలా నేర్చుకున్న పాఠమే.

ఇంటర్నెట్ పెరిగాక ఒక్క కంప్యూటర్ కాదు, వేల కంప్యూటర్లు కలిసి ఒకే పని చెయ్యడం మొదలైంది. వాటన్నిటికీ ఒకే మాట చెప్పేందుకు యాహూలో 'జూకీపర్' తయారైంది. 2013లో 'ఎట్‌సీడీ' వచ్చింది. యూనిక్స్‌లో సెట్టింగులు దాచే అర పేరు 'ఈటీసీ'. దానికి, పలుచోట్ల పరుచుకున్నదని చెప్పే ఇంగ్లిషు మాటలోని 'డీ' చేరిస్తే ఆ పేరు. అంటే ఊరందరి బీరువా! అది ఒక్కచోటే ఉండి పాడైతే అందరూ ఆగిపోతారు కాబట్టి దానికి మూడో అయిదో నకళ్లుంటాయి. సగానికి పైగా నకళ్లు ఒప్పుకుంటేనే మార్పు ఖరారు. మన ఊరి పంచాయతీలో మెజారిటీ లాగే.

సుంకేసుల నుంచి కబురు

ఒకేచోట రాసిపెట్టుకున్నంత మాత్రాన పని అయిపోదు. అక్కడ మారిందని అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములకు ఎలా తెలుస్తుంది?

కర్నూలు, కడప రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కెనాల్ రెండు జిల్లాలనూ కలుపుతూ పారుతుంది. పైన నీళ్లు తగ్గించారంటే కింద తూముల దగ్గరుండే లస్కర్లకు ఆ సంగతి తెలియాలి. అందుకు రెండే దారులు. లస్కరు పూటపూటకూ పై ఆఫీసును అడుగుతుండాలి, లేదంటే మార్పు జరగ్గానే పైనుంచే కబురు రావాలి.

ప్రోగ్రాములకూ ఇవే రెండు దారులు. కొన్ని అయిదు నిమిషాలకోసారి వెళ్లి 'ఏమైనా మారిందా?' అని అడుగుతాయి. పని సులువే కానీ మధ్యలో కాసేపు పాత మాటే నడుస్తుంది. కొన్ని ముందే పేరు నమోదు చేసుకుని కబురు కోసం ఎదురుచూస్తాయి. మార్పు క్షణాల్లో అందుతుంది. కానీ మధ్యలో తీగ తెగితే కబురు అందదు. తెగిన సంగతీ తెలియదు! అందుకే జాగ్రత్తపరులు రెండూ కలిపి వాడతారు. ఈ రెండూ లేని ప్రోగ్రాములకు చివరి మంత్రం మనందరికీ తెలిసిందే... 'ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి సార్!' ఆ మాట చాలాసార్లు ఎందుకు పనిచేస్తుందంటే, ప్రోగ్రాము మళ్లీ మొదలైనప్పుడు సెట్టింగులను కొత్తగా చదువుకుంటుంది కాబట్టి.

అందరూ కలిసి పడితే...

ఇంతవరకూ విన్నాక, అన్నీ ఒక్కచోటే పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. పదిచోట్ల రాస్తే కొన్నిచోట్ల తప్పు పోతుంది. ఒక్కచోటే రాస్తే, అక్కడ తప్పు పడితే... అన్నిచోట్లా తప్పే!

2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ దాదాపు రెండున్నర గంటలు మూగబోయింది. కారణం వింటే నవ్వొస్తుంది. అందరూ చదివే చోట ఒక సెట్టింగు విలువ తప్పు పడింది. దాన్ని చదివిన ప్రతి కంప్యూటరూ 'ఇదేదో తప్పుగా ఉంది, సరిచేద్దాం' అని ఒకేసారి డేటాబేస్ మీదికి ఎగబడింది. సెకనుకు లక్షల్లో ప్రశ్నలు. డేటాబేస్ కుప్పకూలింది. చివరికి సైట్ మొత్తాన్నీ ఆపి, రద్దీ తగ్గాక మెల్లగా తెరవాల్సి వచ్చింది.

2024 జులై 19 ఇంకా గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ మన టైము ప్రకారం ఉదయం 9.39కి ఒక సెట్టింగుల ఫైలును ప్రపంచమంతటికీ పంపింది. అందులోని లోపం వల్ల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. 78 నిమిషాల్లోనే ఆ ఫైలును వెనక్కి తీసుకున్నా అప్పటికే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన దగ్గర విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఈ రెండూ నేర్పిన పాఠం ఒక్కటే. ఉమ్మడి సెట్టింగును ముందు కొద్దిమందికి పంపి చూడాలి. బాగుంటేనే మిగతావాళ్లకు పంపాలి. తప్పు వచ్చిందంటే వెంటనే పాత విలువకు వెళ్లే దారి ఉంచుకోవాలి. చదివే ప్రోగ్రామూ కళ్లుమూసుకుని నమ్మకూడదు. అర్థంలేని విలువ వస్తే పక్కన పెట్టి నిన్నటి విలువతోనే పని నడపాలి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూశాకే కదా వడ్డించేది!

పేరు కాదు... నంబరు

మళ్లీ కడప ఇంటికొద్దాం. జిల్లాల జాబితా కూడా ఒక ఉమ్మడి సెట్టింగే. దాన్ని చదివే ప్రోగ్రాములు ఎన్ని! 2011లో మొదలైన మీసేవ, 2019 అక్టోబరు 2న వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సప్ సేవ... రాష్ట్రంలోనే మూడు గుమ్మాలు. కేంద్రం ఇచ్చే పాస్‌పోర్టులు, స్కాలర్‌షిప్పులు, బ్యాంకులు, బీమా కంపెనీలు... ఇవన్నీ వేరు. ప్రతి ఒక్కరూ జిల్లా పేరును తమ దగ్గరే రాసుకుంటే పేరు మారిన ప్రతిసారీ అన్నిచోట్లా మార్చాలి.

దీనికో మందు ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ' అనే ఉమ్మడి జాబితాను నడుపుతోంది. దేశంలోని ప్రతి రాష్ట్రానికీ, జిల్లాకూ, మండలానికీ, ఊరికీ అందులో ఒక కోడ్ నంబరు ఉంటుంది. కడప జిల్లాది 504, కర్నూలుది 511. పేరు ఎన్నిసార్లు మారినా నంబరు మారదు. ప్రోగ్రాములు తమ దగ్గర నంబరును మాత్రమే ఉంచుకుని, తెర మీద చూపాల్సి వచ్చినప్పుడు ఆ నంబరుకు ఇప్పుడున్న పేరేమిటో ఉమ్మడి జాబితాను అడిగితే చాలు. పేరు చొక్కా లాంటిది, నంబరు మనిషి లాంటిది. చొక్కా మారిందని మనిషి మారడు కదా!

చిత్రమేమిటంటే ఆ 504లోనే పాత చరిత్ర దాగి ఉంది. అనంతపురం 502, చిత్తూరు 503, తూర్పు గోదావరి 505. ఇంగ్లిషు అక్షరాల వరసలో చిత్తూరుకూ తూర్పు గోదావరికీ మధ్య కడప రావాలంటే పేరు సీ అక్షరంతో మొదలవ్వాలి. అంటే ఆ వరసకు ఆధారం దొరల కాలం నాటి స్పెల్లింగే. పేరు పోయింది, వరస మిగిలింది.

పాత పేరును పూర్తిగా చెరిపెయ్యకపోవడం కూడా ఒక తెలివే. కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. ప్రపంచంలోని కంప్యూటర్లు, ఫోన్లు చాలావరకూ ఏ దేశంలో టైమెంతో తెలుసుకునేందుకు ఒకే ఉమ్మడి పట్టికను వాడతాయి. అందులో మన దేశపు టైముకు పెట్టిన గుర్తు ఒకప్పుడు 'ఏషియా/కలకత్తా'. దాన్ని 'ఏషియా/కోల్‌కతా'గా మార్చినా పాత పేరును తీసెయ్యలేదు. పాత ప్రోగ్రాము ఆ పేరుతో అడిగినా సమాధానం వస్తుంది. ఏ పేరుతో పిలిచినా పలికే మేనమామలా!

ఒక ముడి మాత్రం అంత తేలిగ్గా వీడదు. పేరు మారితే నంబరు కాపాడుతుంది. కానీ జిల్లానే రెండుగా చీలితే? నంద్యాలకు కొత్త నంబరు కావాలి. ఆళ్లగడ్డ ఊరి నంబరు పాతదే అయినా అది ఏ జిల్లా కిందికి వస్తుందన్నది మారాలి. 2022కు ముందటి కాగితానికి కర్నూలు, తర్వాతి కాగితానికి నంద్యాల... రెండూ నిజమే. సూపర్‌మార్కెట్ బిల్లు లాగే ఇక్కడా తేదీ కూడా ఉంటేనే లెక్క సరిపోతుంది.

మన వంతు ఏమిటి?

ప్రోగ్రాములు మార్చడం మన చేతిలో లేదు. మనం చెయ్యగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. పాత ధ్రువపత్రంలో పాత జిల్లా పేరుందని దాన్ని తప్పు కాగితంగా అనుకోనక్కర్లేదు. అది రాసిన నాటికి ఆ పేరే నిజం. దాన్ని పారెయ్యొద్దు, చేత్తో దిద్దొద్దు. కొత్త దరఖాస్తులో పుట్టినచోటు అడిగితే ఏ కాగితం జత చేస్తున్నామో అందులో ఉన్నది చూసుకోవాలి. ఇప్పటి చిరునామా అడిగితే ఇప్పటి పేరే రాయాలి. ఇంట్లో అందరి ఆధార్, బ్యాంకు, బడి కాగితాల్లో పేర్ల స్పెల్లింగులు ఒకేలా ఉన్నాయో లేదో ఓ ఆదివారం కూర్చుని సరిచూసుకుంటే అవసరం పడ్డ రోజున పరుగులు తప్పుతాయి. ఎందుకంటే కంప్యూటర్‌కు తేడా ఒక్క అక్షరమే... మనిషికి అది ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ, మళ్లీ రేపు రమ్మనే మాట. కోసిగి నుంచి వలస వెళ్లిన కూలీకైతే గుంటూరు మిరప చేల నుంచి సొంతూరికి ఒక ప్రయాణం.

అందుకే, ఒక్కచోట మారిస్తే చాలదా అన్న ప్రశ్నకు జవాబు... చాలు. కాకపోతే ఆ ఒక్కచోటును అందరూ చూడాలి, అందరికీ కబురు అందాలి, రాసే చెయ్యి ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. అప్పుడు ఆ ముగ్గురు పిల్లలూ మూడు కాగితాలు పట్టుకుని ఏ కౌంటర్ ముందు నిలబడినా కంప్యూటర్ అడిగేది ఒక్కటే ఉంటుంది... 504 కదా?

ఇంకా సీ పోలేదు!

జిల్లా పేరు మారినా పాత గుర్తులు చాలాచోట్ల చెక్కుచెదరలేదు.
* కడప విమానాశ్రయాన్నే చూడండి. దాని మూడక్షరాల కోడ్ సీడీపీ.
* కేసీ కెనాల్‌లో కే అంటే కర్నూలు, సీ అంటే పాత స్పెల్లింగు కడప.
* ఇళ్లలో పరిచే నల్లని కడప బండను రాతి వ్యాపారంలో ఇప్పటికీ డబుల్ డీతోనే రాసేవారున్నారు.
* రైల్వేవాళ్లకు ఈ గొడవే లేదు. కడప స్టేషన్ కోడ్ హెచ్ఎక్స్. అందులో పేరుతో పోలిక లేదు కాబట్టి పేరు ఎన్నిసార్లు మారినా దానికి చింత లేదు!